ఏ నలుపండీ?

“మీరు పంపింది నల్లగున్నదమ్మా” అందావిడ ఫోన్లో.

నలుపు కావాలని ఆర్డరు పెట్టి, నల్లగా ఉందని ఫిర్యాదు. పక్క సీట్లో అబ్బాయి మ్యూట్ నొక్కి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ తర్వాత ఏం చెప్పబోతోందో నాకు తెలుసు.

“నాది గంత నలుపు గాదు బిడ్డా. నెత్తి మీద రంగేస్త, ఆడ నల్లగుంటది. కిందికి పోయినకొద్ది ఎర్రగైతది. మీది పెట్టి జడేస్తే నడుమల గీత గీసినట్టు కొడుతున్నది. మా పెద్దపిల్ల లగ్గం పెట్టుకున్నం. ఫోటోలల్ల అందరికి తెలుస్తది గదా.”

ఆవిడది కరీంనగర్ వైపు. మా వెబ్‌సైట్లో చెప్పినట్టే ఫోటో తీసి పెట్టింది, మా ప్రోగ్రాం చూపించిన రంగే కొనుక్కుంది. ఆవిడ వైపు తప్పేమీ లేదు. తప్పు ప్రోగ్రాంలో ఉంది. ఆ తప్పు అందులోకి ఎలా వచ్చిందో ఆఫీసు మొత్తంలో నాకొక్కదానికే తెలుసు.

మాది హైదరాబాదులో చిన్న కంపెనీ. హెయిర్ ఎక్స్‌టెన్షన్లు ఆన్‌లైన్లో అమ్ముతాం. జడ పొడవు కోసం క్లిప్పులతో పెట్టుకునేవి కొన్ని, ఒత్తుగా కనపడటానికి కొన్ని, నడినెత్తి మీద పలచబడిన చోట కప్పుకునే టాపర్లు కొన్ని. ఉద్యోగం వచ్చిన కొత్తలో మా అమ్మమ్మకి ఇదంతా అరగంట వివరించాను. అంతా విని “ఓస్, సవరాలా!” అంది. అవును, సవరాలే.

నా పని షేడ్ మ్యాచింగ్. కొనేవాళ్ళ జుట్టుకి కలిసే రంగు చెప్పడం. ఈ వ్యాపారంలో రంగులకి నంబర్లుంటాయి. 1 అంటే కాటుక నలుపు. 1బి కాస్త మెత్తని నలుపు. 2 నలుపులా కనిపించే ముదురు గోధుమ. 4 ఇంకొంచెం తేలిక. అలా పోయి పోయి 613 దగ్గరికొచ్చేసరికి లేత బంగారు రంగు. సెలూన్లో అయితే తాళాల గుత్తిలాంటి రింగుకి ఈ రంగుల చిన్న కుచ్చులు వేలాడుతుంటాయి. తల పక్కన పెట్టి చూసి చెప్పేస్తారు. ఆన్‌లైన్లో తల ఒక ఊళ్ళో, కుచ్చు ఇంకో ఊళ్ళో. మధ్యలో ఒక ఫోను.

చేరిన కొత్తలో నాకిదంత పెద్ద పనిగా అనిపించలేదు. మనవాళ్ళందరిదీ నల్ల జుట్టేగా, ఇందులో కలపడానికేముంది అనుకున్నాను. మా గోడౌన్‌కి తిరిగొచ్చిన పెట్టెలు చూశాక ఆ ధీమా పోయింది. సీలు విప్పిన జుట్టుని మళ్ళీ ఎవరికీ అమ్మకూడదు. తిరిగొచ్చిన ప్రతి పెట్టే పూర్తి నష్టమే. వాటిలో ఎక్కువ చీటీల మీద ఒకటే మాట: రంగు కలవలేదు.

నిజానికి మన తలల మీద నలుపు ఒకటి కాదు. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పైన పెరుగుతుంది. అంటే నడుం దాకా జడున్న మనిషికి ఆ జడ కొన ఐదేళ్ళనాటిది. ఐదు ఎండాకాలాలు చూసింది. కుదురు దగ్గర నల్లగా ఉన్నదే కొన దగ్గర ఎర్రబారి ఉంటుంది. గోరింటాకు పెట్టేవాళ్ళకి ఇంకో ఎరుపు. రంగు వేసేవాళ్ళకి వేసిన వారానికో నలుపు, రెండు నెలలకో నలుపు. తెల్లజుట్టు కలిసినవాళ్ళ సంగతి సరేసరి.

దానికి తోడు ఫోను. కెమెరా తనకి తోచినట్టు రంగులు దిద్దుతుంది. పసుపు బల్బు కింద తీస్తే ఎరుపు, ట్యూబ్‌లైటు కింద తీస్తే నీలం. మేం ఎన్నిసార్లు చెప్పినా జనం ఫోటో తీసే ముందు చేసే పని ఇంకోటుంది. తలకి శుభ్రంగా నూనె రాసి, చిక్కు తీసి, నున్నగా దువ్వి తీస్తారు. పరాయివాళ్ళకి పంపే ఫోటో కదా, రేగిన జుట్టుతో ఎలా పంపుతారు? నూనె రాసిన జుట్టు ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది. మేం ఆ నలుపే పంపుతాం. ఆవిడ తలంటుకున్న రోజున రెండూ విడిపోతాయి.

ఇదంతా నాకు ఉద్యోగంలో చేరాక తెలిసిందని అందరితో చెప్తుంటాను. సగమే నిజం.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు అమ్మ నాకు జడ వేస్తూ ఆగిపోయింది. నడినెత్తికి కాస్త ఎడమగా రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఉంది. మా ఊళ్ళో దాన్ని పేనుకొరుకుడు అంటారు. పేలకీ దానికీ ఏ సంబంధం లేదనీ, ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే పొరబడి వెంట్రుకల కుదుళ్ళ మీద పడుతుందనీ చాలా ఏళ్ళ తర్వాత చర్మం డాక్టరు చెప్పాడు. అప్పటికి మాత్రం ఇంట్లోవాళ్ళు నా తలలో పేలు వెతికారు. గురివింద గింజ అరగదీసి రాశారు, మంట పుట్టి ఏడ్చాను. ఉల్లిపాయ రసం రాశారు, క్లాసులో నా పక్కన కూర్చునే పిల్ల బెంచీ మారింది.

అమ్మ వెంకన్నకి మొక్కుకుంది. జుట్టు మళ్ళీ వస్తే కొండకొచ్చి జుట్టిస్తామని. ఇందులో తిరకాసు అప్పుడు ఎవరికీ తట్టలేదు.

జుట్టొచ్చింది. మరుసటి ఏడు తిరుపతి వెళ్ళాం. కల్యాణకట్టలో నాన్నకీ తమ్ముడికీ గుండు, నాకు మూడు కత్తెర్లు. అక్కడ లైనులో నుంచునే అమ్మ నాకు నీలాదేవి కథ చెప్పింది. పుట్టలో ఉన్న స్వామి తల మీద గొడ్డలి దెబ్బ తగిలి కొంత మేర జుట్టు ఊడిపోయిందట. అది చూసి నీలాదేవి తన కురుల్లోంచి కొంత కత్తిరించి ఆ చోట అతికించిందట. అందుకే అవి తలనీలాలట. నాకా కథ బాగా నచ్చింది. దేవుడికి కూడా నాలాగే ఒక మచ్చ. పైగా ఆయన దాచుకోలేదు, అందరికీ కథగా తెలిసిపోయింది. ఆ రెండు జుట్లూ రంగు కలిశాయా అని కథలో ఎవరూ అడగరు.

వచ్చిన జుట్టు ఇంటర్‌లో మళ్ళీ పోయింది. అప్పట్నుంచీ వస్తూ పోతూ ఉంటుంది. ఒక్కోసారి రూపాయంత, ఒక్కోసారి అరచేయంత. ఆ మచ్చలో ఇంజెక్షన్లు వేయించుకున్న నెలలున్నాయి, విసిగి మానేసిన నెలలున్నాయి. ఇరవై నాలుగో ఏట మొదటి టాపర్ కొనుక్కున్నాను. నాలుగు క్లిప్పులు. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే తొమ్మిదో తరగతికి ముందున్న తల.

ఈ కంపెనీలో చేరేటప్పుడు ఇంటర్వ్యూలో “మీకీ రంగం మీద ఎందుకు ఆసక్తి?” అని అడిగారు. ఫోటోలు, కలర్ కరెక్షన్ అంటే ఇష్టమని చెప్పాను.

అమ్మమ్మ సవరం సంగతి చెప్పాలి. పల్లెల్లో వెనకటి ఆడవాళ్ళు దువ్వుకున్నాక దువ్వెనలో వచ్చిన వెంట్రుకల్ని ఉండచుట్టి గోడ సందులోనో కిటికీ మూలనో దోపేవాళ్ళు. కొన్నాళ్ళకి స్టీలు సామాన్లవాడు వస్తే ఆ ఉండలిచ్చి గిన్నె తీసుకునేవాళ్ళు. అమ్మమ్మ గిన్నెలకి ఇచ్చేది కాదు. అన్నీ దాచి, సవరాలు కట్టే ఆవిడ వచ్చినప్పుడు ఇచ్చి చిక్కు తీయించి, తనకే సవరం కట్టించుకునేది. ఆ సవరంలో ప్రతి వెంట్రుకా ఆవిడ తల మీదిదే. నల్లనిదీ, ఎర్రబారిందీ, నడుమ ఒకటీ అరా తెల్లనిదీ. తన తలలో ఏ పాళ్ళలో ఉన్నాయో సవరంలోనూ దాదాపు అవే పాళ్ళు. జడ వేశాక ఎక్కడ తలది ఆగి ఎక్కడ సవరం మొదలైందో చెయ్యి పెట్టి చూసినా తెలిసేది కాదు.

నాకు జుట్టు ఊడిన రోజుల్లో నా దిండు మీదవి కూడా ఏరి కవర్లో దాచింది. “నీకూ కట్టిద్దాం. ఎవరిదో ఎందుకు, నీ జుట్టు నీకే కలుస్తుంది” అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ కవరు తీసుకెళ్ళి కాలవలో పారేశాను.

ఇప్పుడు మేం అమ్మేవాటి సంగతి వేరు. తిరుమలలాంటి చోట తలనుంచి ఒక్కసారిగా తీసిన జుట్టుని దేవస్థానం పొడవుల వారీగా వేరుచేసి ఈ-వేలంలో అమ్ముతుంది. అందులో కుదుళ్ళన్నీ ఒకవైపు, కొనలన్నీ ఒకవైపు ఉండేలా జాగ్రత్తపడిన పొడుగు జుట్టుకి గిరాకీ ఎక్కువ. దువ్వెనలో రాలిన జుట్టు అలా ఉండదు. అటూ ఇటూ తిరగబడి ఉంటుంది. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది కనక తిరగబడినవి ఒకదాన్నొకటి పట్టుకుని చిక్కుపడతాయి. అందుకని యాసిడ్‌లో ముంచి ఆ పొర తీసేస్తారు, నునుపు కోసం సిలికాన్ పూస్తారు, రంగు వేస్తారు. ఎవరెవరివో వంద నలుపుల్ని కడిగేసి అన్నిటికీ ఒకటే నలుపు పులిమి మళ్ళీ మనకే అమ్ముతారు.

ఆ ఒకటే నలుపుతో ఒక ఇబ్బంది ఉంది. ఆఫీసు ట్యూబ్‌లైటు కింద రెండు కుచ్చులు అచ్చం ఒకేలా కనపడతాయి. అవే పట్టుకుని డాబా మీదికి వెళ్తే ఎండలో ఒకటి నీలంగా, ఒకటి ఎర్రగా తేలిపోతాయి. వేసిన రంగు వెలుతుర్ని మింగే పద్ధతి వేరు, పుట్టుకతో వచ్చిన రంగు మింగే పద్ధతి వేరు. ఒక దీపం కింద కలిసినవి ఇంకో దీపం కింద కలవాలని లేదు. పట్టుచీరకి జాకెట్టు గుడ్డ షాపులో కొని, గుమ్మం బయటికొచ్చి గొల్లుమన్న ప్రతివాళ్ళకీ ఇది తెలుసు.

సరే, ప్రోగ్రాం. రెండేళ్ళ క్రితం మొదలుపెట్టాం. కొనేవాళ్ళు కిటికీ దగ్గర పగటి వెలుతుర్లో నుంచుని, జుట్టు పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకుని ఫోటో తీసి పెడతారు. ఆ తెలుపు ఎంత పసుపుకో నీలానికో తిరిగిందో చూసి మిగతా రంగుల్ని సరిచేస్తాం. తెల్ల కాగితమంటే జనం ఏవేవో పట్టుకునేవాళ్ళు. పంచె, లగ్నపత్రిక, ఒకాయన భార్య జుట్టు పక్కన తన బనీను. తర్వాత ప్రోగ్రాం జుట్టున్న మేర విడదీసి, అందులోని రంగుల్ని గుంపులు చేసి, మా దగ్గరున్న కుచ్చుల్లో దేనికి ఎంత దూరమో లెక్కగడుతుంది. రెండు రంగుల మధ్య తేడాని ఇలా అంకెలో కొలవడం పాత విద్యే. దాన్ని డెల్టా ఈ అంటారు.

పరీక్షించడానికి ముందు మా తలలే వాడుకున్నాం. వరసగా ఒక్కొక్కరు కిటికీ దగ్గర నుంచుంటున్నారు. నా వంతు వచ్చింది. తలనొప్పి అని తప్పించుకోవచ్చు. కానీ టీంలో ఆడపిల్లలం ఇద్దరమే, పొడుగు జుట్టున్నది నాకే. నుంచున్నాను.

తెర మీద రెండు రంగులు వచ్చాయి. పైన నడినెత్తి నుంచి చెవుల దాకా 1. కింద 2.

పైది టాపర్. మా కంపెనీ స్టాకులోదే, ఇంకో పేరుతో ఆర్డరు పెట్టి కొన్నాను. నాకు సరైన షేడ్ ఏదో ఎవర్నీ అడగలేక అందాజుగా తీసుకున్నాను. రోజంతా ఊళ్ళోవాళ్ళకి షేడ్లు చెప్పే మనిషికి సొంత తల మీద షేడ్ కలవలేదు. ఆఫీసు లైట్ల కింద ఎవరూ గుర్తుపట్టలేదు. కిటికీ వెలుతుర్లో ప్రోగ్రాం గుర్తుపట్టింది.

“ఇదేంటి, రెండొస్తున్నాయి?” అన్నాడు కోడ్ రాసే కుర్రాడు.

గుండె గొంతులోకొచ్చింది. “కింద వెలుతురు ఎక్కువ పడినట్టుంది” అన్నాను.

అతను నమ్మాడు. రంగుల సంగతి నాకే ఎక్కువ తెలుసని వాళ్ళందరి నమ్మకం. ఆ సాయంత్రమే ఒక నియమం రాశాడు: నల్లటి గుంపు పెద్దగా ఉండి, కింద తేలిక గుంపు వస్తే, ఆ రెండోదాన్ని వెలుతురుగా లెక్కేసి వదిలెయ్యి. నా ముందే రాశాడు. “ఓకేనా?” అని అడిగాడు కూడా. ఓకే అన్నాను.

కరీంనగర్ ఆవిడ తల సరిగ్గా అలాంటిదే. పైన కొత్తగా వేసిన రంగు, నల్లటి పెద్ద గుంపు. కింద ఎర్రబారిన కొనలు. ప్రోగ్రాం నేను నేర్పినట్టే ఆ కొనల్ని వెలుతురనుకుని వదిలేసి, కాటుక నలుపు చూపించింది. ఎక్స్‌టెన్షన్ కలవాల్సింది ఆ కొనలతోనే. అది వేలాడేది అక్కడే కదా. ఆవిడలాంటివాళ్ళు అంతకు ముందు ఎంతమంది పెట్టెలు వెనక్కి పంపారో, ఎంతమంది పంపడానికి మొహమాటపడి బీరువాలో పడేశారో.

ఫోన్లో ఆవిడకి వెంటనే వేరేది పంపిస్తామని చెప్పాను. “మళ్ళ ఫోటో తియ్యాల్నా?” అంది భయంగా.

“ఫోటో వద్దండీ. దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలు ఓ పది పన్నెండు, ఉండచుట్టకుండా, కుదుళ్ళన్నీ ఒకవైపు పెట్టి తెల్లకాగితానికి టేపుతో అంటించి కొరియర్ చెయ్యండి.”

అటునుంచి కాసేపు మాట లేదు. “రాలిన ఎంటికలు ఇంకోలింటికి తోలుడు కీడు గాదా బిడ్డా?”

“మా ఆఫీసుకే కదండీ” అన్నాను. అంతకంటే మంచి జవాబు నాకు తోచలేదు.

మర్నాడు ఆ నియమం తీసేద్దామని మీటింగులో చెప్పాను. ఎందుకని అడిగారు. కారణం చెప్పకుండా తీయించొచ్చు. కస్టమరు ఫిర్యాదు ఒక్కటీ చూపిస్తే సరిపోయేది. కానీ ఆ రోజు నా ఫోటో ఇంకా పరీక్ష ఫోటోల్లోనే ఉంది. నియమం తీయగానే మళ్ళీ రెండు రంగులు చూపిస్తుంది. మళ్ళీ ఎవడో ఒకడు “ఇదేంటి?” అంటాడు. మళ్ళీ అబద్ధం ఆడాలి.

నాలుగు క్లిప్పులూ విప్పి టాపర్ బల్ల మీద పెట్టాను.

ఎవరూ ఏమీ అనలేదు. ఏసీ చప్పుడు వినిపించింది. నున్నటి చోట చల్లగాలి తగిలింది, ఆ సంగతి ఇప్పటికీ గుర్తుంది. కోడ్ రాసే కుర్రాడు టాపర్ కేసి చూసి, నా జుట్టు కేసి చూసి, “అయితే ప్రోగ్రాం కరెక్టే చెప్పింది” అన్నాడు. అతని మొహంలో కనిపించింది జాలి కాదు, తన కోడ్ తప్పు కాదన్న సంతోషం. ఆ సంతోషానికి నేనెంత రుణపడ్డానో అతనికి తెలీదు. మా మేనేజరు మాత్రం తర్వాత విడిగా పిలిచి, “ముందే చెప్పుంటే బావుండేది” అంది. ఆమె అన్నది కంపెనీ నష్టం గురించే. అందులో అనడానికేమీ లేదు.

ఆ తర్వాత చాలా మార్చాం. ఇప్పుడు ఒక ఫోటో చాలదు, మూడు అడుగుతాం: కుదురు, నడుమ, కొన. నూనె రాయకముందు తీసినవి. ఫోటోతో పాటు ప్రశ్నలు: రంగు వేస్తారా, వేసి ఎన్నాళ్ళయింది, గోరింటాకు పెడతారా. రెండు రంగులు వస్తే ప్రోగ్రాం నిర్ణయించదు, మనిషికి పంపుతుంది. ఆ మనిషిని నేనే. వెబ్‌సైట్లో కుచ్చుల ఫోటోలు కిటికీ వెలుతుర్లో ఒకటి, ట్యూబ్‌లైటు కింద ఒకటి, ఎండలో ఒకటి పెట్టాం. మెరుపు దిద్దడం మానేశాం. అమ్మకాలు తగ్గుతాయని మేనేజరు గొణిగింది. పెట్టెకి సీలు వేసి, సీలు బయట అదే జుట్టు చిన్న కుచ్చు కడుతున్నాం. అది తలకి ఆనించి చూసుకుని, కలవకపోతే సీలు విప్పకుండా వెనక్కి పంపొచ్చు. అన్నీ చేసినా కొన్ని ఇంకా తిరిగొస్తూనే ఉంటాయి.

కరీంనగర్ కవరు నాలుగో రోజు వచ్చింది. తెల్లకాగితం మీద పన్నెండు వెంట్రుకలు, పన్నెండు టేపు ముక్కలతో, గీతలు గీసినట్టు వరసగా. పక్కన అబ్బాయి “ఛీ” అని కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. కుదురు దగ్గర ఐదారు అంగుళాలు 1. తర్వాత 2. కొన దగ్గరకొచ్చేసరికి 4, ఎండ తగిలితే రాగి. పెళ్ళి చేయబోతున్న మనిషి ఐదారేళ్ళు ఆ కాగితం మీద ఉన్నాయి. 2, 4 కలిపి కుట్టించాను. రెండో కుచ్చులో 4 పాలు కొంచెం పెంచాను.

పెళ్ళయిన వారానికి ఆవిడే ఫోన్ చేసింది.

“కలిసిందమ్మా. మా ఆడబిడ్డ సుత గుర్తువట్టలే. ఆమె కండ్లకు ఏదీ ఆగదు. నీకెట్ల తెలుసు బిడ్డా ఇదంత?”

పక్క సీట్లో అబ్బాయి ఉన్నాడు. వెనక వరసలో అందరూ ఉన్నారు. మీటింగు గదిలో చూసినవాళ్ళు నలుగురే, మిగతావాళ్ళకి తెలీదు.

“నేనూ పెట్టుకుంటానండీ” అన్నాను.

“అవునా?” అంది. ఆ గొంతులో ఒక్కసారిగా బోలెడు చనువు. “నీది ఏ నలుపు?”

“ఒకటి సరిపోదండీ” అన్నాను. “నాక్కూడా రెండు కలపాలి.”